గమ్మునుండే డబ్బా

అయస్కాంతం అతుక్కోలేదు.
మొదటిరోజే తెలిసింది నాకు
విమానమంటే ఇనుము కాదని.
మా ఇడ్లీ కుక్కరు లాంటి రేకు,
వేలితో కొడితే డొల్లగా పలికింది.
"ఒక్క చిల్లు పడినా ఒప్పుకోను" అన్నాడు పట్టాభి సారు,
ఆ రెండు సీట్ల పాతదాని ముక్కు మీద
జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టి.

ఎవరో రాత్రిళ్లు నీలం పెట్రోలు తోడుకుపోతున్నారు.
పోయిన నెల రేడియో కూడా పోయింది,
కోసిన వైర్ల కొసల్లో రాగి ఇంకా మెరుస్తోంది.
కంపెనీ అలారం లక్షన్నర అట.
నాకున్నది కరకంబాడి రోడ్డులో
ఆరడుగుల సెల్లు రిపేరు కొట్టు.
పగిలిన ఫోన్ల బోర్డులు, లారీ ఓనరు వదిలేసిన జీపీఎస్సు,
శెట్టిగారి తూకం మిషన్ నుంచి ఊడదీసిన బరువు పట్టీ,
అదురు కనిపెట్టే గోరంత చిప్పు,
నెలనెలా మేత అడిగే సిమ్ము.
షమీమ్ టంకం పెట్టాడు,
అన్నీ ఊరగాయ డబ్బాలో సర్దుకున్నాయి.
పద్దెనిమిది వందల నలభై. టీలు కలపలేదు.

మొదట్లో అది ఉత్త పిరికిది.
రేణిగుంటలో గూడ్సు కదిలితే అరిచింది,
గాలికి రెక్క ఊగితే అరిచింది,
ముంగిస ఒకటి చక్రం వాసన చూసినందుకు
తెల్లారుజామున ముగ్గురిని లేపింది.
భయపడటం నేర్పడం సులువే.
దేనికి భయపడక్కర్లేదో నేర్పడానికి
పదకొండు రాత్రులు పట్టింది.
రైలుకో అంకె, గాలికో అంకె,
వాచ్‌మెన్ చెంగల్రాయులు వీపు ఆనించి
వక్కాకు నమిలే ఊపుకో అంకె.

పన్నెండో రాత్రి రెండు పదమూడుకి ఫోను వణికింది:
తలుపు తెరిచారు.
ఎడమ సీటు. బరువు ఉంది.
కదలిక లేదు.

బండి షమీమ్ తోలాడు. వెనక నేను,
చేతిలో స్పానరు, నోట్లో తడి లేదు.
షెడ్డు తలుపు సందులోంచి టార్చి వేస్తే
ముందు చెప్పులు కనిపించాయి,
రెక్క కింద జతగా, గడప దగ్గర విడిచినట్టు.

లోపల చెంగల్రాయులు.
చేతులు దేన్నీ పట్టుకోలేదు, ఒళ్లో ఉన్నాయి.
"తొమ్మిదేండ్లుగా కాస్తా ఉండా పాపా,
లోపల కూసుంటే ఎట్లుంటాదో
ఒకతూరి..."

ఎవ్వరం ఏమీ అనలేదు.
డబ్బా మాత్రం నా జేబులో
నిమిషానికోసారి చెబుతూనే ఉంది
బరువు ఉంది, బరువు ఉంది అని.

పొద్దున సారు పట్టీ మీద వేలు పెట్టాడు.
"రెండు పదమూడుకి ఏంటిది?"
"ముంగిస సార్."
"యాభై ఎనిమిది కిలోలా?"
షమీమ్ దగ్గుతూ బయటికి పోయాడు.
సారు ఇంకేం అడగలేదు,
అడ్వాన్సు పోగా మిగిలింది లెక్కపెట్టి ఇచ్చాడు.
ఆ ఆదివారం ఎడమ సీట్లో ఎవరిని కూర్చోబెట్టి
స్వర్ణముఖి మీదుగా తిప్పుకొచ్చాడో
నేనూ అడగలేదు.

ఇప్పుడు డబ్బా రాత్రంతా గమ్మునుంటుంది.
పెట్రోలు దొంగ మళ్లీ రాలేదు.
నేనే, రెండింటికల్లా మెలకువొచ్చి,
చీకట్లో ఫోను తడుముకుంటాను.