ఊఁ కొట్టే చోటు

మాల్పికా రేవులో తొమ్మిదో నంబరు షెడ్డు.
తలుపు తీస్తే ముందు తారు వాసన,
వెనకే అట్లాంటిక్ చలి.
నేను వలలు బాగుచేస్తాను.
చేతులకి పని, కళ్ళకి సగం పని,
చెవులే ఊరికే ఉంటాయి.
ఈ పాడ్‌కాస్ట్ వాటి కూలి.

గురువారం గురువారం వస్తారు ఇద్దరూ,
ఉషీయా, ఎలాదియో.
లూగో గ్రంథాలయంలో చేసి చేసి మానేసినవాళ్ళు.
స్టూడియో లేదు, వంటింటి బల్ల.
ఫ్రిజ్ గుర్రుమంటుంది, కాఫీ పొంగుతుంది.
ఓసారి ఎవరో తలుపు కొట్టి
కరెంటు బిల్లు ఇచ్చిపోయారు.
అదీ తీసెయ్యలేదు.

వారానికో పుస్తకం, వారానికో తగువు.
ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్న పేజీని
"ఉల్లిపాయ ఘాటు" అని తేల్చేస్తుంది ఆమె.
ఒకళ్ళు కథ చెబుతుంటే రెండోవాళ్ళు ఊఁ కొడతారు.
ఆ ఊఁల రకాలు నాకు కంఠతా వచ్చు.
సరే అనే ఊఁ. సరే గానీ అనే ఊఁ.
నీతో పెట్టుకోలేనమ్మా అనే ఊఁ.
బిస్కెట్ నములుతూ అన్నది ఒకటి.

ముగింపు మాత్రం చెప్పరు.
"మిగతాది మీరే చదువుకోండి."
ఆపైన కప్పులు ఎత్తేసిన చప్పుడు.

నేను చదవలేదు. ఒక్కటీ.
సాయంత్రానికి నా కళ్ళు
ఉప్పు పేరుకున్న కిటికీ అద్దాలు.
అందుకని ముగింపులు నేనే కట్టాను,
వల తెగినచోట కొత్త దారం పోసినట్టు.
ఓ విధవరాలిని ఓడెక్కించాను.
ఓ దొంగకి పంటినొప్పి తెప్పించి ఇంటికి పంపాను.
పక్క స్టూలు మీది బల్బీనా అడిగేది,
"మొన్నటి పిల్ల చివరికేమైంది?"
దారం పళ్ళతో తెంపి చెప్పేదాన్ని.
పుస్తకంలో అలాగే ఉందనుకునేది.
నేనూ కాదనలేదు.
రెండేళ్ళు. ఎనభై చిల్లర పుస్తకాలు.

మార్చిలో ఒక గురువారం
ఇయర్‌ఫోన్ పాడైంది.
ఫోనుని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో నిలబెడితే
షెడ్డంతా మోగింది.
ఉషీయా ఒక్కత్తే వచ్చింది.
ఎందుకో చెప్పలేదు.
పుస్తకం పేరు చెప్పి కథ ఎత్తుకుంది.
నాలుగు మాటలయ్యాక ఆగింది.
ఫ్రిజ్ వినిపించింది.
మళ్ళీ నాలుగు మాటలు. మళ్ళీ ఆగింది,
సరిగ్గా ఒక ఊఁ పట్టేంతసేపు.

ఆ ఖాళీలు కత్తిరించెయ్యొచ్చట.
మా మేనకోడలు చెప్పింది, ఒక్క మీట నొక్కితే చాలట.
ఆమె నొక్కలేదు.

వలకన్ను అంటే ఏముంది,
దారం లేని చోటు.
కానీ ఆ లేనిదానికీ కొలతుంది.
పెద్దదైతే చేప పోతుంది,
చిన్నదైతే రేవు ఇన్‌స్పెక్టరు జరిమానా వేస్తాడు.
ముప్ఫై ఏళ్ళుగా బొటనవేలు పెట్టి కొలుస్తున్నాను.
ఆమె ఆగిన చోట్లన్నీ ఒకే కొలత.

మూడోసారి ఆగినప్పుడు
నా నోట్లోంచి వచ్చేసింది, ఊఁ.
బల్బీనా తలెత్తి చూసింది.
తర్వాతి ఖాళీలో తనూ అంది.
వెనక వరుసలో పూరా, ఎప్పుడూ రేట్ల గురించే మాట్లాడే పూరా,
ఒకటి ఆలస్యంగా అంది, మాట మీద పడేలా.
లూగోకి ఏం వినిపిస్తుంది?
అయినా అన్నాం.

చివర్లో ఉషీయా గొంతు సవరించుకుంది.
"ముగింపు చెప్పెయ్యాలని ఉంది.
పదేళ్ళుగా ఒక్కటీ చెప్పనివ్వలేదు ఈ మనిషి."
చాలాసేపు ఫ్రిజ్.
"ఉండనీండి. మీరే చదువుకోండి."
ఒకే ఒక్క కప్పు చప్పుడు.

బల్బీనా సూది ఆగిపోయింది.
ఒక్కటీ చెప్పలేదా, అని అడగలేదు.
నా మొహం చూడలేదు.
వల ఒళ్ళోకి లాక్కుని రెండు ముళ్ళు వేసి,
మూడోది విప్పి,
"ఆ విధవరాలు" అంది,
"ఓడెక్కిందా, ఎక్కలేదా?"
"తెలీదు" అన్నాను.
బయట చినుకు మొదలైంది. ఎవరో డబ్బా మూసేశారు.
"ఎక్కిందిలే" అంది బల్బీనా.
"పైడెక్కు మీద నిలబడింది.
కోటు గుండీలు పెట్టుకోలేదు,"
అని ఆగింది.

ఊఁ, అన్నాను.