స్టాప్ తర్వాత ఏం రాయాలె

సిరొంచల సాయంత్రం ఆరు గొట్టంగ
కరెంటు పోతది, నా ట్యూషన్ మొదలైతది.
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
ఇంగ్లీషు పరీక్ష ముంగట వెట్టుకొని
పదకొండు మంది, ఒక్క ఎమర్జెన్సీ లైటు.

ఇయ్యాల పాఠం:
క్రియ పక్కన ఇంకో క్రియ వచ్చి నిలవడ్డప్పుడు
దాని ముందట టూ పెట్టాల్నా, తోకకు ఇంగ్ కట్టాల్నా.
వాంట్‌కు టూ. ఎంజాయ్‌కు ఇంగ్.
ఎందుకు సార్ అంటరు.
కొన్నిండ్లకు వాకిట్లకెల్లి పోతం,
కొన్నిండ్లకు దొడ్డిదారి, గంతే అన్న.
నిజం చెప్పాల్నంటే నాకు గూడ తెల్వది.

బడిల రెంటికీ కలిపి 'కరణే' అని
ఒక్క మాటే ఇచ్చి పంపిన్రు వీళ్లను.
ఒక్క సంచిల ఉప్పూ చక్కెరా పోసిచ్చినట్టు.
ఇగ నేను లైటు కింద కూసొని
ఏ పలుకు ఏదో ఏరాలె.

బొల్లె నితేశ్ నోటుబుక్కుల రాసిండు:
మై ఫాదర్ స్టాప్డ్ టు రో ద బోట్.
ఎర్ర పెన్నుతోని టూ కొట్టేసిన,
పైన రోయింగ్ అని దిద్దిన.
ప్రాణహిత మీద వంతెన పడ్డంక
మీ నాయిన పడవ నడుపుడు బందువెట్టిండు గద.
స్టాప్ ఎనుక ఇంగ్ ఉంటే ఆ పనే ఆగినట్టు.
టూ ఉంటే, చేతిల ఉన్న పని ఆపి
గీ పనికి లేసినట్టు.

పోరడు తల గోక్కున్నడు.
'సమజైంది సార్. నేను రాసింది గదే.'

వరదొచ్చిన రాత్రి
నాయిన బువ్వ తింటుండెనట.
నడి గంగల దిబ్బ మీద
మేకలతోని నలుగురు చిక్కిన్రని ఫోనొచ్చింది.
వంతెన ఆవలి ఒడ్డుకు పోతది గని
దిబ్బకు పోదు.
కలిపిన ముద్ద తలెలనే వదిలి
అటుక మీది తెడ్డు దించిండట,
దాని మీది బూజు లుంగీతోని తుడిసిండట.
'తినుడు ఆపిండు సార్, నడిపెటందుకు.'

పదిమంది నా మొకం దిక్కే చూస్తున్నరు.
మేకలెన్ని సార్ అని ఒక పిల్ల అడిగింది.

నడుపుడు అంటే మన తాన నిండు మాట.
దానికి ధర కట్టొచ్చు, అటుక మీద పెట్టొచ్చు,
సర్కారు దాన్ని బందు చెయ్యొచ్చు.
'నడప' అట్ల కాదు.
ఒక్కతీరుగ అది ఎన్నడన్న నిలవడ్డదా?
నడపాలె. నడపలేదు. నడపనియ్యరు. నడపబోయిండు.
ఆశనో, లేమినో, ఎవరిదో అడ్డమో,
ఏదో ఒకటి పట్టుకొనే అది ఏలాడుతది.
ముప్పై ఏండ్ల సంది గీ రూల్సు చెప్తున్న,
మా ఇంటి మాటల గిది ఉన్నదని
గీ పోరని తప్పు దిద్దంగ తెలిసింది.

'పరీక్షల ఏది రాయాలె సార్?'
ఇంగ్ రాయి. ఒక మార్కు వస్తది.
'మరి వరద ముచ్చట?'
దానికి ఖాళీ జాగ ఇయ్యరు బిడ్డా.

కొట్టేసిన టూ మీద
మల్ల టూ రాయబోయి ఆగిన.
ఎర్ర మీద ఎర్ర కనవడది.

ఎనిమిదింటికి బండి చప్పుడు.
గంగారాం, మిర్చి గోదాంల డ్యూటీ దిగి,
కొడుకును తోల్కపోయెటందుకు వచ్చిండు.
అంగీ నిండ ఘాటు, లైటు దగ్గరోళ్లు తుమ్మిన్రు.
'ఏం చెప్పుతున్నవ్ సారూ పోరగాండ్లకు?'
నీ గురించే అన్న.

'నా గురించి చెప్పుడేంది,
చెప్పెటందుకు ఏమున్నది!'

రెండూ వాడిండు.
ఎక్కడియక్కడ, తప్పు లేకుంట,
బండి స్టాండు గూడ ఎయ్యకుండనే.