నెంబరు చెప్పు, మస్తానూ

పొద్దున్నే తొమ్మిదింటికి
చేబ్రోలులో, మా కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్ తెరిచి
గుంటూరు యార్డుకి ఫోన్ చేస్తాను.
నెంబరు చెప్పు, మస్తానూ.

అతను కళ్లద్దాలు వెతుక్కుంటాడు.
వెతుకులాట చప్పుడంతా నాకు తెలుసు:
సొరుగు, తాళాలగుత్తి, దగ్గు.
తర్వాత కాటా దగ్గర తూకం చదివే గొంతుతో
ఏడూ... నాలుగూ... మళ్లీ నాలుగే... సున్నా...
ఒక్కో అంకెనీ బస్తాలా నా చెవిలో దింపుతాడు.
కొడతాను.
పదిహేను కిలోమీటర్ల అవతల
నా కుర్చీ ముందున్న తెర
వచ్చి నా చేతుల కింద కూచుంటుంది.

ఇదంతా నా ఊపిరితిత్తుల వల్ల.
పదకొండేళ్లు మిరపఘాటులో లెక్కలు రాశాను.
పన్నెండో ఏడు డాక్టరు ఎక్స్‌రేని కిటికీ కెత్తి పట్టుకుని
ఆ యార్డు గేటు దాటావంటే
నా దగ్గరికి రావద్దమ్మా అన్నాడు.
షావుకారు పూర్ణచంద్రరావు గారు రెండు రోజులు ఆలోచించారు.
కొత్త గుమాస్తాకి ఏది తేజో ఏది తాలో నేర్పేసరికి
సీజనే అయిపోతుంది.
మేనల్లుణ్ణి పిలిచి ఏదో ఎక్కించమన్నారు.
ఎక్కించాడు. అంతే.

ఇప్పుడక్కడ నేను లేకుండా నా బాణం గుర్తు తిరుగుతుంది.
మొదటిరోజు, ఊడ్చే సామ్రాజ్యం
చీపురు పడేసి బయటికి పరుగెత్తిందట,
మేడం పోయిందా ఏందయ్యా,
పెట్టె దానంతటదే రాస్తోంది!
ఇప్పుడా భయం లేదు.
కీబోర్డు మీద తడిగుడ్డ వేసి తుడుస్తుంది.
ఇక్కడ నా అంకెల మధ్య
అర్థంలేని అక్షరాల వరసొకటి పాకుతుంది.
ఓహో, సామ్రాజ్యం వచ్చింది, పదయింది.

నాకందని సొరుగొకటి ఉంది అక్కడ.
అందులో సగం తాగిన దగ్గుమందు సీసా,
ఒక దువ్వెన.
ఎన్ని నెంబర్లు కొట్టినా అది తెరుచుకోదు.

కరెంటు పోతే మాత్రం
అక్కడ నేను లేనట్టే.
వచ్చాక ఎవరో ఒకరు నిలబడి
వేలితో మీట నొక్కాలి.
మేనల్లుడు చెప్పిన పెద్ద మాటలన్నీ
మస్తాన్ చూపుడువేలు దగ్గర ఆగిపోతాయి.
హమాలీగా ఉన్న రోజుల్లో కొక్కెం దిగి
ఆ వేలు సగమే వంగుతుంది.
అది నొక్కితే నా ఉద్యోగం వెలుగుతుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం
కారంపూడి గురవయ్య నలభై రెండు టిక్కీలు దింపాడు.
ఎనిమిది తాలు కింద పోయాయి.
నేనిక్కడ నొక్కితే
అక్కడ ప్రింటరు పట్టీ కక్కింది.
తీసుకోలేదు.
మస్తాన్ ఫోన్‌లోంచి, వెనక నించి, వినబడుతోంది:
ఎవరయ్యా కోసింది తరుగు? ఈ కుర్చీయా?
మడిసి కూచునేది ఇక్కడ.
దగ్గేది. నా మొహం చూసేది.
పెట్టెతో ఏం పోట్లాడేది నేను?

మాట్లాడాను. ఆ గోలలో
నా గొంతు ఎంత చేరిందో తెలీదు.
లెక్క మళ్లీ చూశాను.
నిజమే, రెండు కిలోలు ఎక్కువ కోశాను.
దిద్దాను. మళ్లీ కక్కింది ప్రింటరు.
కాసేపు ఏ చప్పుడూ లేదు.

ఏటా పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాక
కండువా కొసన మూట విప్పి
గుప్పెడు కాయలు నా బల్ల మీద పోసేవాడు,
పచ్చట్లోకమ్మా, అని.

ఉన్నట్టుండి నా తెర మీద
గురవయ్య ఖాతాలో, వివరాల గడిలో
కకకకకకకకక
ఆగదు. గడి నిండి, పక్కకి పొర్లి, ఇంకా
కకకకకకక
నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

కాయలమ్మా, అన్నాడు మస్తాన్,
కీబోర్డు మీద పోసి పోయాడు. తియ్యనా?
కాసేపు ఉండనీ, అన్నాను.

సాయంత్రం కూచుని వెనక్కి చెరుపుకుంటూ వచ్చాను,
వందో, నూటయాభయ్యో.
ఒక్కటి ఉంచేశాను.
మార్చిలో ఆడిటరు అడుగుతాడు, ఈ 'క' ఏంటని.
కాయలండీ, అంటాను.
గుప్పెడు.
కాటా వెయ్యలేదు.