చదరపు గజానికి

నీళ్ల బిల్లు కాదు, కరెంటుదీ కాదు.
వాన బిల్లట.
టేపు పట్టుకొచ్చిన మణెమ్మ
జామచెట్టు కొట్టించి నేను పోయించిన సిమెంటంతా
గోడ నుంచి గోడకి కొలిచింది.
"నూట పది గజాలు సార్, చుక్క ఇంకదు."

కురిపించింది నేనా? అన్నాను.
ఆమె నవ్వలేదు.
గేటు కింది వాలు చూపించింది.

ఆ వాలు చివర, టోలిచౌకి పల్లంలో
మొన్న అక్టోబరులో
జహంగీర్ కుట్టుమిషను మునిగింది,
పెళ్లివాళ్ల షేర్వానీలతో సహా.
మంచం మీద మంచం వేసుకుని
తెల్లారేదాకా కూచున్నారట.
నా డాబా నీళ్ల మీద
నా ఇంటి నంబరు రాసుండదని
నా ధీమా.

ఈసారికి కట్టేశాను.
పక్కింటికెళ్లి గడ్డపార అడిగాను.
"గడ్డపారా?
మట్టెక్కడుందండీ మన గల్లీలో?"