డెబ్బై దాటితే

అరవై కాడ సాధుజంతువు మాదిరి పోతాది.
డెబ్బై దాటనీ,
ముందు స్టీరింగుకు చలి పుడతాది,
ఆనక నా మోచేతులకు.
బీడీకట్ట డాష్‌బోర్డు మింద నడుచుకుంటా పోయి
ఎడమ పక్కకు దూకేస్తాది.
అద్దంలో వెనకొచ్చే లారీ రెండవతాది,
హారన్ మాత్రం ఒకటే.

టైర్లు మార్చి పదైదు దినాలు.
కొండలెక్కే సరదా తీరిపోయినోడెవడో
బెంగళూరులో అమ్ముకున్నవి,
ఒక్కో గుబ్బ నా బొటనవేలంత.
ఎందుకంత పెద్దవి అంటే ఏం చెప్పేది?
తవణంపల్లె అవతల తోటల్లో వాన పడిందా,
కాయలు చెట్ల కింద, బండి గట్టు మింద,
నడాన మోకాటి లోతు బురద.
పోయిన ఏడు ట్రాక్టరోడి తాడుకే
సగం బాడుగ పోసినా.
ఈ ఏడు ఎవుర్నీ పిలవలా.
ఏనుగు చెరుకుతోటలో దూరినట్టు దూరతాది,
అడిగేవాడు లేడు.

రోడ్డెక్కితేనే ఈ రోగం.

పలమనేరులో ఒకడు సీసం ముక్కలు కొట్టినాడు,
మిషన్‌లో సున్నా చూపించి డబ్బులు తీసుకున్నాడు.
బంగారుపాళెంలో ఒకడు అలైన్‌మెంటు అన్నాడు,
ఇంకొకడు దిష్టి అన్నాడు.
మహాసముద్రం టోలుగేటు కాడ
ఉడకేసిన చెనక్కాయలమ్మే ఆమె
చక్రాన్ని కిందికీ మీదికీ చూసి,
"అన్న చెప్పులేసుకుని తమ్ముడు పరిగెత్తినట్టుండాదే" అనింది.
ఆమె ఒక్కతే దుడ్లు అడగలా.

కడాకి చిత్తూరులో, మురకంబట్టు తావ,
చెంగల్రాయులు షెడ్డు.
బండి చూడలా. నన్ను చూసినాడు.
"వణుకు చేతులకా, పిర్రలకా?"
నేను నవ్వినా. ఆయన నవ్వలా.
"చేతులకైతే ముందు చక్రం, పిర్రలకైతే వెనకది.
నీ ఒళ్లే చెప్పాల.
మిషన్‌కు పిర్రల్లేవు."

జాకీ ఎత్తి, చక్రం తిప్పి,
సుద్దముక్క దగ్గరగా పట్టుకుని ఊపిరి బిగబట్టినాడు.
తాకీ తాకనట్టు ఒక్క తావే తెల్లగా గీత పడింది.
చక్రం ఊడదీసి లోపలి పక్క
స్క్రూడ్రైవరుతో గీకితే
రిమ్ము వంపులో ఎండి అతుక్కున్న ఎర్రమన్ను
పెళ్ళలు పెళ్ళలుగా రాలింది.
పక్కంగడి తక్కెట్లో పోసి చూపించినాడు.
"పావుకిలో తోటను హైవే మింద తిప్పతా ఉండావు."

అంతటితో అయిపోలా.
"టైరుకొక బరువు పక్క, రిమ్ముకొక బరువు పక్క.
రెండూ ఒకే తావ కూచుంటే ఇట్నే ఎగరతాది."
గాలి తీసి, టైరును రిమ్ము మింద
సగం సుట్టు తిప్పి కూచోబెట్టినాడు,
పంచాయితీలో దాయాదుల్ని ఎదురుబొదురు కూచోబెట్టినట్టు.
నాలుగు చక్రాలకీ నాలుగు గంటలు.
నడాన రెండు టీలు, ఒక కరెంటు కోత.

రాత్రి ఇద్దరం మొగిలి ఘాటు దిక్కు పోయినాం.
డెబ్బై. డెబ్బై అయిదు.
బీడీకట్ట పెట్టిన తావనే పడుకోనుంది.
ఎనభై. ఆయన కండ్లు మూసుకుని కూచున్నాడు,
పాపకు జోరం ఉండాదా అని చెయ్యి పెట్టి చూసినట్టు
తలుపు మింద అరచెయ్యి ఆనించి.
ఎనభై నాలుగు కాడ
సీటు కింద సన్నంగా, పిల్లి గురక మాదిరి.
"వెనక ఎడమది," అన్నాడు కండ్లు తెరవకుండానే.
రేపు రమ్మంటాడనుకున్నా.
"ఎనభై నాలుగు కాడ నీకేం పని?" అన్నాడు.

నాకేం పని? ఆలోచిస్తానే ఇల్లు చేరినా.

ఇప్పుడు తోట దాటి తారురోడ్డు ఎక్కే ముందర
బండాపి, ఒక్కో చక్రం కింద దూరి
లోపలి పక్క గీకతా.
అరగంట పడతాది.
కాయల లెక్క రాసుకునే గురవమ్మ
గట్టు మింద నిలబడి చూస్తాది.
"మా మన్ను మాకే ఇచ్చిపోతా ఉండావే,
కాయలు కూడా అట్నే ఇచ్చిపోరాదూ" అంటాది.