కఫుకుఫుకు

సంచిలో నలభై సమ్మతి పత్రాలు, ఒక పెన్సిలు,
వేలు గుచ్చే సూదుల డబ్బా.
సరస్సు వైపు దిగుతూ
నేర్చుకున్న వాక్యాన్నే అప్పజెప్పుకుంటున్నాను:
"మీరు వద్దనొచ్చు. వద్దన్నా మీ వైద్యం ఆగదు."

ఒడ్డున తడకల మీద ఉసిపా చేపలు ఎండుతున్నాయి.
వాటిని తిరగేస్తూ
ఎటినాల అవ్వ అంతా విన్నది.
వేలు మాత్రం చాచలేదు.

"ఇదే వేలు," అంది.
"పెద్ద వానల ఏడు, మా జైలోసి పోయిన ఏడు,
తెల్ల డబ్బాతో వచ్చారు. మూత తీస్తే చల్లటి పొగ.
ఒక చుక్క తీసుకుని సబ్బుబిళ్ళ ఇచ్చారు.
సబ్బు అరిగిపోయింది.
నా చుక్క ఏమన్నదో చెప్పు."

నా కాగితాల్లో
ఆ ప్రశ్నకి గడి లేదు.

మా శిక్షణ గది ఒకప్పుడు ఆస్పత్రి బట్టలుతికే గది.
వానొస్తే గోడలు ఇంకా సోడా వాసన కొడతాయి.
ఆరుగురం, రెండు మైక్రోస్కోపులు.
ఒకదాని అద్దం పగిలితే
మసౌకో సార్ బైకు అద్దంలోంచి ముక్క కోసి అతికించారు.
ఒకే స్లైడు ఇద్దరికిస్తారాయన,
చెరో మూలా కూర్చోబెట్టి.
ఎలుబీ పన్నెండు క్రిములు లెక్కపెట్టింది, నేను ఏడు.
"ఎవరిది తప్పు సార్?"
"ముందు ఆ తేడా రాసుకో.
తేడాని చెరిపేసిన రోజు నువ్వు ఈ పనికి పనికిరావు."

కరెంటు పోయిన సాయంత్రాలు
సగటంటే ఏమిటో మొక్కజొన్న గింజలతో చెప్పేవారు.
గుప్పెడు తీసి లెక్క, మళ్ళీ గుప్పెడు, మళ్ళీ లెక్క.
చివరికి ఆ గింజలే వేయించుకు తినేవాళ్ళం.
ఉప్పు ఎప్పుడూ చాలేది కాదు.

పరిశోధనని మా చిచేవాలో కఫుకుఫుకు అంటాం.
నా చెవికి అందులో తవ్వకం వినబడుతుంది,
కోతలయ్యాక చేలల్లో ఎలుకల కోసం
పిల్లలు నేల పెళ్ళగించే చప్పుడు.
అవ్వ మాట చెప్పి సార్‌తో అన్నాను:
"తవ్వినవాళ్ళు పట్టుకుపోయారు. గొయ్యి మనకి వదిలారు."
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.
"వాళ్ళలో ఒకామె నాకు స్లైడుకి రంగు వేయడం నేర్పింది.
అదీ రాయి. కోపం ఒక్కటే రాస్తే అది సగం లెక్క.
ఆ తర్వాత, ఆ చుక్క ఎక్కడుందో వెతుకు."

వెతికాను.
స్టోరు అటక మీద చెదలు తిన్న రిజిస్టరు,
చెదలు వదిలేసిన పేజీలో ఆమె పేరు, పక్కన నంబరు.
ఎక్కడో మంచు దేశపు ఫ్రీజరుకి ఉత్తరం.
అయిదు నెలలకి మూడు పంక్తుల జవాబు:
మలేరియా ఉంది. రక్తం పలచన.
నమూనా అయిపోయింది.

తడకల దగ్గర నిలబడి చదివి వినిపించాను.
గొంతు కాస్త గర్వంగానే ఉండి ఉంటుంది.
అవ్వ నవ్వింది.
"ఆ ఏడు నాకు జ్వరమని
నాకు ఆ ఏడే తెలుసు తల్లీ."

కాసేపు చేపలు తిరగేసింది.
ఒక కాకి వాలబోతే చెయ్యి విసిరింది.
"మరి జైలోసిది?
వాడి చుక్క కూడా తీసుకున్నారుగా.
నాలుగేళ్ళవాడు. ఏడవలేదు కూడా."

వాడి నంబరు చెదలు తిన్న వైపుంది.
అదే చెప్పాను. తెలియదని చెప్పడం
పరీక్షలో రాయడమంత తేలిక కాలేదు.

"రాసుకో అయితే," అంది.

పత్రం అంచున, అచ్చయిన గడులన్నిటికీ బయట,
పెన్సిలుతో ఒక గడి గీశాను.
అక్షరాలు చదవని ఆ మనిషి వంగి
అది గీశానో లేదో చూసింది.