బాయిలర్ గది

రాత్రి పదకొండు దాటాక
తలుపు సందులోంచి ముందు ఒక ఉన్నిబూటు వస్తుంది,
తర్వాత రెండోది,
ఆ తర్వాతే పిల్లాడు.
"చలేస్తోంది తాతా" అంటాడు.

వాళ్ల గది ఎంత వెచ్చగా ఉంటుందో నాకు తెలీదా?
ఆ గొట్టాల్లోకి వేడి పంపేది నేనే.
పన్నెండు మంచాలు, మంచానికి రెండేసి దుప్పట్లు.
బయట మైనస్ ముప్పై ఎనిమిది ఉన్నా
కిటికీ అద్దానికి లోపల చెమట పడుతుంది.
అయినా ఏమీ అనను.
బొగ్గు బకెట్ బోర్లించి కూర్చోమంటాను.
ఒంటి చలి వేరు, ఒంటరి చలి వేరు.
రెండో దానికి థర్మామీటర్ ఇవ్వలేదు మా హాస్టల్ వాళ్లు.

ఒద్‌సురెన్. తొమ్మిదేళ్లు.
ఈ ఏడు మంచు రాయిలా గడ్డకట్టి
గొర్రెలకి గడ్డి అందక
వాళ్ల నాన్న గుడారం ఎత్తేశాడు.
ఇప్పుడు ఏ లోయలో దించాడో
నాకూ తెలీదు, వాడికీ తెలీదు.
ఇంటి మీద బెంగ పెట్టుకోవాలన్నా
ఇల్లు ఏ దిక్కున ఉందో తెలియాలి కదా.
వాడు రోజుకో కిటికీ దగ్గర నిలబడతాడు.

అక్టోబరులో జిల్లా కేంద్రం నుంచి ఒకామె వచ్చి
కాగితాలు పంచింది.
నీ స్నేహితులు ఎవరు? పేర్లు రాయి.
వీడు రాశాడు:
చెవి చీలిన ఎర్ర గుర్రం.
గుడ్డి కుక్క.
బాయిలర్.
నా పేరు కాదు, బాయిలర్ అనే.
కాస్త నొచ్చుకున్నాను కూడా.
ఆమె మూడూ కొట్టేసి పక్కన సున్నా చుట్టింది.
మంచి మనిషే. వెళ్తూ వెళ్తూ నాకో సిగరెట్ పెట్టె ఇచ్చి
"అందరితో కలివిడిగా ఉండమని చెప్పండి" అంది.
చెప్పాను.
తడి కట్టెకి మండమని చెప్పినట్టు.

ముప్పై ఏళ్లు గోబీలో లారీ తోలాను.
రెండేసి రోజులు మనిషి మొహం కనపడేది కాదు.
ఒంటరితనమంటే నాకు తెలుసనుకున్నాను.
కానీ లారీలో ఒంటరితనానికి స్టీరింగ్ ఉంటుంది,
ముందు దారి ఉంటుంది.
పదకొండు మంచాల నవ్వుల మధ్య
పన్నెండో మంచానికి ఏముంటుంది?

జనవరిలో ఇంకొకడు వచ్చాడు. ఆరేళ్లవాడు.
పేరు నెర్గుయ్. అంటే పేరు లేనివాడని.
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
దిష్టి తగలకుండా అలా పెడతారు మా వైపు.
మూడు రోజులు గిన్నె ముట్టలేదు వాడు.
వార్డెన్ బతిమాలింది, గదమాయించింది,
తనే ఓ మూల కూర్చుని ఏడ్చింది.

నాలుగో రాత్రి తలుపు సందులోంచి
ఒక బూటు, రెండో బూటు,
మూడో బూటు.
చిన్నది. కుడి ఎడమా తారుమారు.
"తాతా, వీడికి చలేస్తోంది" అన్నాడు ఒద్‌సురెన్.

రెండో బకెట్ బోర్లించాను.
చాలాసేపు మంట చప్పుడే.
అప్పుడు ఒద్‌సురెన్, ప్రెషర్ ముల్లు వైపు చూస్తూ,
చెవులు ఎర్రబడిపోతుంటే,
తొయిగ్... తొయిగ్... అని మొదలుపెట్టాడు.
తల్లిగొర్రె పిల్లని చేరనివ్వనప్పుడు
మా ఆడవాళ్లు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని
గంటలకొద్దీ పాడేది అదే.
అందులో మాటలుండవు. సిగ్గూ ఉండకూడదు.
వీడికి సిగ్గుంది. అయినా ఆపలేదు.

"నేను గొర్రెనా?"
నెర్గుయ్ ఈ ఊళ్లో ఆడిన మొదటి మాట అది.
ఒద్‌సురెన్ జేబులోంచి ఎండు పెరుగు ముక్క తీశాడు,
దానికి అంటిన దారప్పోగు ఊది ఇచ్చాడు.
ఇందులో తల్లి ఎవరో పిల్ల ఎవరో
నాకు తేలలేదు.
లేచి నాలుగు పారలు బొగ్గేశాను.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను.
ఒద్‌సురెన్ ఇప్పటికీ ఆటల్లోకి పోడు.
గోడ దగ్గర నిలబడతాడు,
కాకపోతే పక్కన ఇంకొకడు నిలబడతాడు.

నిన్న రాత్రి ఎవరూ రాలేదు.
సంతోషించాలి.
బకెట్లు మాత్రం బోర్లించే ఉంచాను.
రెండున్నరకి లేచి
తలుపు గడియ పడిందేమో చూశాను.
పడే ఉంది.
తీసిపెట్టాను.